నేర్చుకుని పెట్టిన సంతకం

మా ఇంట్లో బీరువా పై అరలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. వారానికి రెండు మూడుసార్లు లేచి వెళ్ళి, తలుపు తీసి, అది ఉందో లేదో చూసి, మళ్ళీ తలుపు వేసి వచ్చి కూర్చుంటాను. ఎందుకని అడగడం మా ఆవిడ ఎప్పుడో మానేసింది. అందులో ఉన్నది అద్దె ఒప్పందం కాగితం. ఆ అద్దె జరగలేదు. జరగని ఒప్పందం చింపేయడం మా పద్ధతి. ఇది ఒక్కటీ చింపలేదు.

ఇప్పుడు ఇళ్ళు అద్దెకిప్పించే పనిలో ఉన్న కుర్రాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరకొస్తారు. "తవరు మొహం చూసి చెప్పేసేవారట కదండీ, ఎవరికివ్వాలో, ఎవరికివ్వకూడదో" అంటారు. టీ ఇచ్చి, నాలుగు గొప్పలు చెప్పి పంపిస్తాను. వాళ్ళు వెళ్ళిన తర్వాత కాసేపు ఇంట్లో కాలు నిలవదు. గోదారి గట్టు దాకా నడిచి వస్తాను. వాళ్ళకు చెప్పాల్సింది ఆ గొప్పలు కాదు, ఇది.

యానాంలో, ఫరంపేటలో పది వాటాల ఇళ్ళ లైను ఒకటి ఉండేది. దాని యజమానురాలు పుదుచ్చేరిలో ఉండేవారు. ఏడాదికి ఒకసారి వచ్చి, గోడల మీద చెమ్మ చూసి, నిట్టూర్చి వెళ్ళేవారు. మిగతా రోజులన్నీ ఆ లైనుకు నేనే దిక్కు. కుళాయి కారినా, మీటరు కాలినా, మూడో వాటా వాళ్ళ కోడి ఆరో వాటా వాళ్ళ బియ్యం తిన్నా నా దగ్గరకే వచ్చేవారు. ఉద్యోగం పేరు గుమాస్తా. ఇరవై రెండేళ్ళు చేశాను.

నాకు ముందు ఆ పని చేసిన పెద్దాయన పగ్గాలు అప్పజెబుతూ రెండు మాటలు చెప్పాడు. కొత్తగా వచ్చేవాళ్ళకు యానాం మనిషి ఒకడు పూచీ ఉండాలి. ఆ పూచీ ఇచ్చేవాడి గుమ్మం ఒకసారి తొక్కి రాకుండా తాళంచెవి ఇవ్వకూడదు. దానికి కారణం ఉంది. మా ఊళ్ళో నాలుగడుగులు వేస్తే ఆంధ్రా వచ్చేస్తుంది. ఇక్కడ కాపురం ఉన్నట్టు కాగితం ఉంటే పిల్లల చదువులకు మేలని, ఇల్లు అద్దెకు తీసుకుని, తాళం వేసుకుని, చిరునామా మాత్రం వాడుకునేవాళ్ళు తగిలేవారు. పూచీ ఉన్నవాడి ఇంటికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తే సగం సంగతులు తెలిసిపోయేవి. పెద్దాయన ఇంకోటి కూడా అనేవాడు, వేలిముద్ర పనికిరాదు, సంతకమే కావాలని. ఎందుకో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. మారు మాట్లాడకుండా పాటించాను.

పదేళ్ళ పైమాట. వేసవి సెలవుల్లో ఏడో వాటా ఖాళీ అయింది. ఒక సాయంత్రం ఒక అమ్మాయి, వయసు ముప్పై లోపే, ఆరేళ్ళ కూతుర్ని చేత్తో పట్టుకుని వచ్చింది. బజారులో బట్టలు కుట్టే షాపులో కొత్తగా చేరిన పని. పుట్టిల్లు వంతెన అవతల ఎదుర్లంక దగ్గర పల్లె. అత్తవారిది యానాంలోనే, దరియాలతిప్ప.

"మీ ఆయన ఏం చేస్తాడమ్మా?" అన్నాను.

"చేపల వేటండి. ఎక్కువగా తాగడవేనండి" అంది, పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు. "నేను బయటికొచ్చేసి నాలుగు నెలలైందండి. అగ్రహారంలో మాకు అక్క వరసావిడ ఉంది, ఆవిడ వెనక వరండాలో ఉంటన్నాం. బడి తెరిచేలోగా చూసుకోమన్నారు. ఇక్కడైతే షాపుకి దగ్గర, దీని బడికి దగ్గర. దొరక్కపోతే మా పల్లెకి పోవాలండి. అక్కణ్ణించి రోజూ ఈ బడికి రావడం అయ్యే పని కాదు."

"పూచీ ఎవరుంటారు?"

"మా మావయ్యగారండి."

మేనమామ అనుకున్నాను. కాదు. మొగుడి తండ్రి.

ఆ మాట విని, లైను ఊడ్చే ఆవిడ చీపురు ఆపేసింది. ఆవిడ పదో వాటా పక్క గదిలో ఒక్కతే ఉండేది. ఆదివారం చర్చిలో పూజకు వెళ్ళొచ్చాక తప్ప మెత్తగా మాట్లాడేది కాదు. "కొడుకుని వదిలేసి వచ్చిన కోడలికి మావగారు పూచీయా? ఈ లోకంలో ఇంకా మనుషులున్నారన్నమాట. గుమాస్తాగారూ, ఇచ్చేయండి తాళం" అంది.

"నీకేం, ఊడ్చి పోతావు. అమ్మగారికి జవాబు చెప్పాల్సింది నేను" అన్నాను.

"అవునండి, మీ కంటికి మనుషులు ఆనరు. కాయితాలైతే బాగా కనపడతాయి."

రెండు రోజులకు మామగారు వచ్చాడు. బక్కగా, ఎండకు నల్లబడ్డ మనిషి. చెప్పులు గుమ్మం బయట విడిచి, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆధార్ నకలు, ఇంటి పన్ను రసీదు ఒక పాలిథీన్ కవర్లో పెట్టుకొచ్చాడు. నీళ్ళలో తిరిగే మనిషికి ఆ అలవాటు.

"మీ వాడు ఊరుకుంటాడా?" అన్నాను.

"ఊరుకోడండి. అందుకే ఇంటికాడ తెలీకూడదు. ఆ పిల్ల ఎదుర్లంకలో పుట్టింటికాడ ఉందనుకుంటన్నాడు. రెండుసార్లు ఎళ్ళి గొడవ పెట్టొచ్చాడు, మా వియ్యంకుడు తలుపు తియ్యలేదు. ఇక్కడుందని తెలిస్తే ఉంచడండి. తవరికి ఏం కావాలన్నా నాకు కబురెట్టండి, నేనే వస్తాను. మా ఇంటికాడికి మాత్రం రావద్దు."

"అలాగే" అన్నాను. కాగితం ముందు పెట్టాను. ఆయన బొటనవేలు చాపాడు.

"వేలిముద్ర మా అమ్మగారు ఒప్పుకోరండి. సంతకం కావాలి."

ఆయన వేలు వంక చూసుకున్నాడు. "నాకు రాదు కదండి."

"అయితే వచ్చినవాళ్ళెవరినైనా చూసుకోండి."

వెంట వచ్చిన కోడలి కొంగు పట్టుకుని మనవరాలూ అక్కడే ఉంది. "తాతా, నేను నేర్పుతాను" అంది. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. "ఎన్నాళ్ళు పడతదే?" అని అడిగాడు పిల్లని. అది వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "నీ పేరు చిన్నదే. పది రోజులు" అంది.

బడి తెరవడానికి ఇంకా మూడు వారాలుంది. సరేనన్నాను. ఆ రోజే వేలిముద్రతో సరిపెట్టేసి ఉంటే ఈ కథే లేదు. లైను ఊడ్చే ఆవిడ అగ్రహారంలో తన చుట్టాలింటికి వెళ్ళినప్పుడల్లా చూసొచ్చి చెప్పేది. ముసలాయన చేపలు అమ్ముకున్నాక రోజూ ఆ వరండా మీదకొచ్చి కూర్చుంటున్నాడట. పిల్ల పలక మీద రాసిస్తే దాని మీదే దిద్దుతున్నాడట. "తలకట్టు మర్చిపోయాడని నెత్తి మీద మొట్టింది. ఆయన కిక్కురుమనలేదు. మీరు చూడాల్సిందే" అని నవ్వింది.

నేను వెళ్ళి చూడలేదు. నాకు వేరే సంగతి దొలుస్తోంది. గుమ్మం తొక్కకుండా నేను ఎవరికీ తాళం ఇచ్చి ఎరుగను. రావద్దన్నాడంటే ఏదో దాస్తున్నాడేమో. ఆ ఇల్లు ఆయనదేనా? రసీదు మీద పేరు ఆయనదే, అయినా మనిషిని చూసినట్టు కాదు కదా. రెండు రోజులు ఈ పురుగు తొలిచింది. మాటిచ్చిన సంగతి మరిచిపోలేదు. బాగా గుర్తుంది. మాట కంటే పద్ధతి పెద్దదనుకున్నాను. దూరం నుంచి చూసి వచ్చేద్దామని ఆటో ఎక్కాను.

దరియాలతిప్పలో ఆయన ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. రెండు గదుల డాబా, ముందు తాటాకు పందిరి. పందిరి కింద ఒక కుర్రవాడు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన లుంగీ కట్టుకుని ఉన్నాడు. నేను అటూ ఇటూ చూస్తుంటే లేచి వచ్చాడు.

"ఎవరు కావాలండి?"

పేరు చెప్పాను.

"నాన్నండి. ఏటికెళ్ళాడు. ఎండలో నుంచున్నారేంటండి, లోపలికి రండి." కుర్చీ తెచ్చి వేశాడు. కొబ్బరి బోండాం కొట్టి ఇచ్చాడు. సారా వాసన లేదు. చేతులు వణకడం లేదు. ఆయనకు ఒక్కడే కొడుకని నాకు తెలుసు. అంటే వీడే. అప్పుడే లేచి వచ్చేసి ఉండాల్సింది. దాని బదులు నాలో నేను అనుకున్నాను, ఆ అమ్మాయి కాస్త ఎక్కువ చెప్పినట్టుందే అని.

"తవరు ఏ ఊరండి?"

"యానాంలోనే. ఫరంపేటలో ఇళ్ళు చూస్తుంటాను."

"ఆయ్." వల మీద నుంచి తల ఎత్తలేదు. "నాన్నకి ఇల్లెందుకండి?"

ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు. కానీ అతడు, "మా ఆవిడ సంగతైతే చెప్పండి, పర్లేదు. తప్పు నాదేనండి. పెద్దోరు తవరు, నాలుగు మాటలు చెప్తే ఇంటది. పిల్ల మీద బెంగగా ఉంది" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

జీవితంలో నన్ను పెద్దమనిషిని చేసి సలహా అడిగినవాళ్ళు తక్కువ. గుమాస్తాని అందరూ కుళాయి గురించే అడుగుతారు. కుర్చీలో కాస్త వెనక్కి వాలాను. భార్యాభర్తలు ఎలా సర్దుకుపోవాలో చెప్పాను. చెప్తూ చెప్తూ, పిల్ల బడికి దగ్గరని మీ ఆవిడ మా వాటా అడిగిందనీ, మీ నాన్న పూచీ ఉంటున్నాడనీ, బాధ్యత తెలిసిన మనిషనీ, నువ్వూ అలా ఉండాలనీ చెప్పేశాను. అతడు అన్నిటికీ "ఆయ్, ఆయ్" అన్నాడు. వీధి చివర దాకా వచ్చి ఆటో ఎక్కించాడు.

దారిలో రొయ్యల చెరువుల మీదుగా గాలి వేస్తుంటే, ఒక కాపురం నిలబెట్టానని కూడా అనుకున్నాను. ఈ మాట రాయడానికి చెయ్యి వెనక్కి లాగుతోంది. అయినా అనుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం లైను ఊడ్చే ఆవిడ బజారు నుంచి వచ్చింది. నా బల్ల ముందు నిలబడింది. ఎప్పటిలా ఎత్తిపొడవలేదు.

"షాపు కాడికి వచ్చాడండి. ఆ పిల్ల మొగుడు. బడి సందులన్నీ తిరిగి వాకబు చేసుకుని వచ్చాడంట. మిషను తీసుకొచ్చి రోడ్డు మీద పడేశాడు. ఆవిణ్ణి జుట్టట్టుకుని లాగబోతే పక్క కొట్టోళ్ళు ఆపారు. రేపణ్ణించి రావద్దన్నాడంట షాపాయన." కాసేపు ఆగింది. "ఫరంపేట గుమాస్తా చెప్పాడని అరిచాడంటండి. అందరూ విన్నారు."

నేను బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాను. సర్దిన కాగితాలే మళ్ళీ సర్దాను.

"అక్కడికెల్లారా?" అంది.

"గుమ్మం చూడకుండా ఎలా ఇస్తాం?"

ఆవిడ చీపురు గోడకు ఆనించి వెళ్ళిపోయింది. ఆ రోజు లైను ఊడవలేదు.

సాయంత్రానికి వాటాల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. తాగుబోతు మొగుడు రేపు ఇక్కడికొస్తే ఎలాగండి, ఆడపిల్లలున్న ఇళ్ళు, గొడవలు మనకెందుకండి అన్నారు. వాళ్ళ భయం అబద్ధం కాదు. పుదుచ్చేరికి ఫోన్ చేశాను. నేను చేసింది తప్ప మిగతాదంతా యజమానురాలికి చెప్పాను. వద్దంటారని ఆశ. ఆవిడ అంతా విని, "మీరు ఆ అమ్మాయిని చూశారు, నేను చూడలేదు. మీకు నమ్మకం ఉంటే ఇచ్చేయండి. వాడు వస్తే పోలీసులకు చెబుదాం. గేటుకు తాళం వేయించండి" అన్నారు.

వద్దనే మాట ఎవరో ఒకరు నా బదులు అంటే బాగుండునని నేను చూస్తుంటే, ఆవిడ ఆ పని నాకే వదిలేశారు.

పదో రోజున ముసలాయన వచ్చాడు. కోడలు లేదు. మనవరాలు వెంట ఉంది. ఆయన కుడి చేతి బొటనవేలికీ చూపుడు వేలికీ కలిపి గుడ్డ కట్టు ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"వల తాడు కోసిందండి."

నమ్మాను. నమ్మితే ఇక అడగక్కర్లేదు కదా.

"కాయితం తియ్యండి" అన్నాడు. ఈసారి చెప్పకుండానే బల్ల ముందు కూర్చున్నాడు.

నేను చెప్పాల్సిన మాట నోట్లోనే ఉంది. ముందే చెప్పేసి ఉంటే ఆయనకు ఆ శ్రమ తప్పేది. చెప్పలేక కాగితం తీసి పెట్టాను. కలం ఆ కట్టుతో పట్టు చిక్కలేదు. కట్టు విప్పేశాడు. వేళ్ళు వాచి, నల్లగా కమిలి ఉన్నాయి. తాడు కోత ఎక్కడా లేదు. పిల్ల ఆయన మోచేతి దగ్గర నిలబడి, గాలిలో వేలితో అక్షరాలు రాస్తోంది. ఆయన పెదవులు కదుపుతూ, ఒక్కో అక్షరానికీ ఊపిరి బిగబట్టి రాశాడు. మూడో అక్షరం దగ్గర ఆగితే పిల్ల, "తలకట్టు, తాతా" అంది. పెట్టాడు. రాసి, కాగితాన్ని నా వైపు తిప్పి, "తప్పుల్లేవు కదండి?" అన్నాడు.

ఒకటో తరగతి పిల్ల రాత. గుండ్రంగా, పెద్దగా, గీత దాటి పైకి పోయిన రాత.

"బాగుందండి" అన్నాను. "కానీ అమ్మగారు ఒప్పుకోలేదు. ఫోన్ చేశాను. గొడవలున్నవాళ్ళు వద్దన్నారు."

ఆయన చాలాసేపు నన్నే చూశాడు. నేను దరియాలతిప్ప వెళ్ళిన సంగతి ఎత్తలేదు. పిల్ల మాత్రం, "సరిగ్గానే రాశాడు కదండి?" అంది.

"సరిగ్గానే రాశాడమ్మా."

"మరి?"

ఆయన లేచి దాని చెయ్యి పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "వస్తానండి" అన్నాడు. ఆ తర్వాత రాలేదు.

ఆ అమ్మాయి కూతుర్ని తీసుకుని వంతెన దాటి పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ గొడవల్లో ఆ ఏడు పిల్లను ఏ బళ్ళోనూ వేయలేదని తర్వాత తెలిసింది. ఏడో వాటా ఒక రొయ్యల మేత కంపెనీ ఉద్యోగికిచ్చాను. ఇద్దరు పెద్దమనుషులు పూచీ ఉన్నారు. ఎనిమిది నెలలకు ఎవరికీ చెప్పకుండా, ఫ్యాన్లు కూడా విప్పుకుని పోయాడు. లైను ఊడ్చే ఆవిడ ఆ ఖాళీ గదులు ఊడుస్తూ, "సంతకాలు గొలుసుకట్టులో ఉన్నాయి కదండీ" అంది. నేను రిటైరయ్యేదాకా ఆవిడ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఇది రాద్దామని కూర్చున్నప్పుడల్లా లేచిపోతూ వచ్చాను. ఆ కాగితం ఆయనకిచ్చేసి, అబద్ధమాడానని చెప్పేస్తే కుదురుగా రాయొచ్చనిపించింది. మొన్న మాఘంలో మళ్ళీ దరియాలతిప్ప ఆటో ఎక్కాను.

అదే పందిరి. ముసలాయన ఒక్కడే ఉన్నాడు. చూపు కాస్త తగ్గింది. నా గొంతు విని గుర్తుపట్టాడు. కుర్చీ వేయించాడు. కొడుకు కాలేయం చెడి చనిపోయి నాలుగేళ్ళయిందని చెప్పాడు. కోడలు కాకినాడలో సొంతంగా కుట్టు షాపు పెట్టుకుందట. మనవరాలు ఇంటర్ మొదటి సంవత్సరం.

"ఒక సంగతి చెప్పాలని వచ్చానండి" అన్నాను. "ఆ రోజు మా అమ్మగారు వద్దనలేదు. ఇమ్మనే అన్నారు. నేనే..."

"తెలుసండి" అన్నాడు.

ఎలా తెలుసని అడిగాను.

"మీకాడ ఊడిసే ఆవిడ ఫోన్ నంబరు ఇచ్చింది. మా కోడలు పుదుచ్చేరి అమ్మగారికి ఫోన్ చేసింది. నేనెప్పుడు వద్దన్నానమ్మా అన్నారంట. నేను మాటాడతానని కూడా అన్నారు. మా కోడలే వద్దంది. ఇవ్వడం ఇష్టం లేనోడి చేతిలో తాళం తీసుకుని ఆ గేటులో ఎలా తిరుగుతాం మావయ్యా అంది."

అంటే ఈ పదేళ్ళూ వాళ్ళకు తెలుసు. నేను దాస్తున్నాననుకున్నది నాకు ఒక్కడికే రహస్యం.

"నేను ఇక్కడికి వచ్చి మీ అబ్బాయితో చెప్పిన సంగతి..."

"అదీ తెలుసండి. ఆ బోండాం మా చెట్టుదే." చిన్నగా నవ్వాడు. కమిలిన వేళ్ళ గురించి అడగాలనిపించింది. ఆ రెండు వేళ్ళూ ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవడం లేదు. అడగలేదు.

"కాకినాడలో ఇల్లు మారేటప్పుడు ఏదైనా పూచీ కావాలంటే నన్ను..." అన్నాను.

"ఇప్పుడెవరూ అడగట్లేదండి. ఆవిణ్ణే వేరేవోళ్ళు పూచీ ఉండమంటన్నారు."

కవరు తీసి ఆయన చేతిలో పెట్టాను. కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, తన పేరు కింద వేలు పెట్టి, అక్షరం అక్షరం పైకి చదువుకున్నాడు. మూడో అక్షరం దగ్గర వేలు కాసేపు ఆగింది. తర్వాత మడత పాడవకుండా కవర్లో పెట్టి, నా వైపు చాపాడు.

"మీది మీరు ఉంచుకోండి" అన్నాను. "ఇద్దామనే తెచ్చాను."

"అది నేను తవరికిచ్చిందండి. పూచీ ఇచ్చాక మళ్ళీ తీసుకోకూడదు."

తిరుగు ఆటోలో ఆ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గాలికి ఎగిరిపోతుందేమోనని రెండు చేతులతో పట్టుకున్నాను. ఇల్లు చేరి, పై అరలో పెట్టి, తలుపు వేశాను. కాసేపటికి లేచి వెళ్ళి, ఉందో లేదో చూశాను.